కోటిపల్లి రైలు – ప్రజాధనం

ఉద్దేశం: ప్రజాధనంతో నడిచే సేవల లాభనష్టాలను ఏ దృష్టితో లెక్కించాలో ఒక ప్రాంతీయ రైలుమార్గం ఆధారంగా విద్యార్థులకు వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

గోదావరి డెల్టా మొదటినుండీ నీటిదారుల సీమ. ధవళేశ్వరం ఆనకట్ట నుండి సాగిన కాలువలు పొలాలకు నీరందించడంతో పాటు పడవలకు బాటలయ్యాయి. 1900లో రాజమండ్రి వద్ద హేవలాక్ వంతెన పూర్తికావడంతో మద్రాసు–కలకత్తా రైలుమార్గం గోదావరిని దాటింది. అయితే ఆ ప్రధాన మార్గం డెల్టా పై అంచున సాగిపోవడం వల్ల సముద్రం వైపున్న పల్లెలు దానికి దూరంగానే ఉండిపోయాయి. ఆ లోటు కొంతవరకు తీరేలా 1928లో కాకినాడ నుండి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి వరకు సుమారు 45 కిలోమీటర్ల మార్గం ఏర్పడింది.

ఆ భాగ్యం ఎంతోకాలం నిలవలేదు. రెండవ ప్రపంచ యుద్ధ అవసరాల కోసం 1940లో ఈ మార్గపు పట్టాలను పెకలించి తరలించారు. ఆరు దశాబ్దాల పాటు ఆ ప్రాంత ప్రజలు రైలు మాట మరచిపోవలసి వచ్చింది. అమలాపురం నుండి లోక్‌సభకు ఎన్నికై సభాపతి పదవిని అలంకరించిన జి.ఎం.సి. బాలయోగి ఈ మార్గం పునర్నిర్మాణానికి విశేషంగా కృషి చేశారు. 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించినందున ఆయన దాని ప్రారంభాన్ని చూడలేకపోయారు. 2004లో కోటిపల్లికి మళ్ళీ రైలు వచ్చింది.

రైలు రావడం ఒక ఎత్తు, నిలవడం మరొక ఎత్తు. నిర్మాణ వ్యయం ఒక్కసారి భరించేది. నిర్వహణ వ్యయం ఏటేటా భరించవలసినది. పట్టాల మరమ్మతు, గేట్ల కాపలా, సిబ్బంది జీతాలు, ఇంధనం ఇవన్నీ రైలులో పదిమంది ఎక్కినా వందమంది ఎక్కినా తప్పని ఖర్చులు. శంకుస్థాపనకు నిధులు దొరికినంత సులభంగా ఈ నిత్యవ్యయానికి దొరకవు. కోటిపల్లి మార్గంలో కొంతకాలం ఒకే పెట్టె గల రైలుబస్సును నడపడం కూడా ఖర్చు తగ్గించుకొనే ప్రయత్నమే.

భారతీయ రైల్వేల ఆదాయంలో సింహభాగం సరకు రవాణా నుండి వస్తుంది. ప్రయాణికుని నుండి వసూలయ్యే ఛార్జీ అసలు ఖర్చుకు చాలదు. సగటున ప్రయాణ వ్యయంలో 57 శాతం మాత్రమే తిరిగి వస్తున్నదని ఒకప్పుడు టిక్కెట్ల మీదనే ముద్రించేవారు. ఆ లోటును బొగ్గు, సిమెంటు, ఇనుప ఖనిజం మోసే రైళ్ళు పూడుస్తాయి. ఇటీవలి సంవత్సరాల్లో నూరు రూపాయల ఆర్జనకు రైల్వేలు సుమారు 98 రూపాయలు వెచ్చిస్తున్నాయి. మిగులు ఇంత స్వల్పంగా ఉన్నప్పుడు చిన్న స్టేషన్ల వంతు చివరికి వస్తుంది.

స్టేషన్ల వర్గీకరణ ఈ చిక్కును మరింత బిగిస్తుంది. ఆదాయాన్నీ, ప్రయాణికుల సంఖ్యనూ బట్టి స్టేషన్లను తరగతులుగా విభజించి, తరగతిని బట్టి సౌకర్యాలు కల్పిస్తారు. ప్రయాణికులు తక్కువైతే సౌకర్యాలు తగ్గుతాయి. సౌకర్యాలూ రైళ్ళూ తగ్గితే ప్రయాణికులు ఇంకా తగ్గుతారు. రోజుకు ఒకటి రెండు సార్లు మాత్రమే వచ్చే రైలును నమ్ముకొని విద్యార్థి కళాశాలకు, రోగి ఆసుపత్రికి వెళ్ళలేరు. వారు బస్సులనూ ఆటోలనూ ఆశ్రయించగా, ఆదరణ లేదన్న కారణంతో రైలుకు నిధులు తగ్గుతాయి. 2020 మార్చిలో కరోనా వల్ల దేశమంతటా ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి. ప్రధాన మార్గాల్లో అవి క్రమంగా తిరిగి వచ్చినా, కోటిపల్లి మార్గంలో నిరీక్షణ సంవత్సరాల తరబడి సాగింది.

ఈ మార్గం ఆదాయలేమికి మరొక కారణం దాని అసంపూర్ణత. కోటిపల్లి వద్ద గౌతమి అడ్డుగా నిలవడంతో రైలు అక్కడే ఆగిపోతుంది. కోనసీమ మీదుగా నరసాపురం వరకు సుమారు 57 కిలోమీటర్ల కొత్త మార్గం 2000–01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలపై వంతెనలు కట్టవలసిన ఈ పథకంలో రాష్ట్ర ప్రభుత్వం నాలుగవ వంతు భరించాలన్నది ఒప్పందం. నిధులు సకాలంలో అందక పనులు సాగిలపడ్డాయి. ఆలస్యంతో పాటు అంచనా వ్యయమూ పెరిగి రెండువేల కోట్ల రూపాయలు దాటింది. ఆవలి ఒడ్డుకు చేరని మార్గం నుండి పూర్తి ఫలితం ఆశించడం ఎదగని కొబ్బరి మొక్కను కాయలడగడం వంటిది.

ఇతర దేశాలూ ఈ చిక్కును ఎదుర్కొన్నాయి. బ్రిటన్‌లో 1963 నాటి బీచింగ్ నివేదిక నష్టాల పేరిట రెండువేలకు పైగా స్టేషన్లను మూసివేయాలని సూచించింది. అనేక పట్టణాలు రైలును కోల్పోయిన పిదప, 1968 రవాణా చట్టం లాభం లేకున్నా సమాజానికి అవసరమైన ప్రయాణికుల రైళ్ళకు ప్రభుత్వ సహాయాన్ని చట్టబద్ధం చేసింది. స్కాట్లండ్‌లో 1969లో మూసిన ఒక మార్గంలో కొంత భాగాన్ని 2015లో తిరిగి నిర్మించారు. ఒకసారి పెకలించిన దానిని మరల కట్టడం ఎంత భారమో కోటిపల్లి చరిత్ర కూడా చెబుతున్నది.

ఊరి రోడ్డుకు లాభమెంత అని ఎవరూ అడగరు. ఆ రోడ్డు మీద నడిచే బస్సు దాని నిర్మాణ భారమంతా మోయదు. రైలు మాత్రం తన బాటను తానే కాపాడుకోవాలి. అందువల్ల రెండింటినీ ఒకే త్రాసులో తూచడం న్యాయం కాదు. అట్లని ప్రతి చిన్న స్టేషన్‌కూ లెక్కలేకుండా ధనం వెచ్చించాలని కూడా కాదు. ప్రజాధనానికి జవాబుదారీ ఉండవలసిందే. జనానికి అనువైన వేళల్లో కొంతకాలం రైళ్ళు నడిపి, ఆ తరువాతనే ఆదరణను కొలవాలి. నష్టం ఎంతో, అందులో కేంద్రం వాటా ఎంతో, రాష్ట్రం వాటా ఎంతో ముందే తేల్చాలి. టిక్కెట్టు కిటికీ వద్ద వసూలైన సొమ్ము లెక్కలో ఒక పద్దు మాత్రమే. ఆ రైలు వల్ల చదువు మానకుండా నిలిచిన విద్యార్థినీ, సకాలంలో వైద్యం అందిన రోగినీ లెక్కలోకి తీసుకొన్ననాడే అది సమగ్రమవుతుంది.

ప్రశ్నలు
1. నిర్మాణ వ్యయానికీ నిర్వహణ వ్యయానికీ గల భేదాన్ని వివరించండి.
2. స్టేషన్ల వర్గీకరణ చిన్న స్టేషన్లపై చూపే ప్రభావాన్ని తెలపండి.
3. 'టిక్కెట్టు సొమ్ము లెక్కలో ఒక పద్దు మాత్రమే' – ఈ అభిప్రాయాన్ని సమర్థిస్తూ గాని, విమర్శిస్తూ గాని వ్యాసం రాయండి.