బీల గట్టున బడి

పక్షులు, కొబ్బరిచెట్టు, రైలు, ఉప్పు, తాబేలు... సంతబొమ్మాళి పిల్లలకు ఏడాది పొడవునా పాఠాలు చెప్పే మాస్టార్లు ఎంతమందో!

'పెంగ్విన్ ఎక్కడుంటుంది?' అనడిగితే ఐదో తరగతి కుర్రాడు టక్కున 'అంటార్కిటికా' అంటాడు. 'మరి తేలినీలాపురం చెట్ల మీద వాలే గూడబాతు ఎక్కణ్నుంచి వస్తుంది?' అంటే 'సైబీరియా' అంటాడు. ఊళ్లో పెద్దలూ అదే అంటారు మరి. మొదటి జవాబు ఒప్పు. రెండోది తప్పు! గూడబాతులు గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచేది మన దేశం, శ్రీలంక, కాంబోడియా లాంటి చోట్ల. సైబీరియాలో కాదు.

వేల మైళ్ల దూరంలోని పక్షి గురించి తెలిసిన పిల్లాడికి పక్కూరి పక్షి గురించి తెలియకపోవడం వాడి తప్పు కాదు. పాఠం బడి గడప దాటకపోతే జరిగేది అదే. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో ఆ గడప దాటితే చాలు... ఒకవైపు సముద్రం, ఒకవైపు బీల, మధ్యలో ఉప్పు మళ్లు, వరి పొలాలు, కొబ్బరి తోటలు.

కొత్త సంగతేం కాదు!

చేసి నేర్చుకోవడం మన బడులకు కొత్త కాదు. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో ఉమ్మడి రాష్ట్రంలో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకాన్ని 1984లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. 1989 నుంచి 1996 వరకూ 23 జిల్లాల్లోనూ అది నడిచింది. అప్పట్లో శిక్షణ పొందిన టీచర్లకు 'ఆరు సూత్రాలు' కంఠతా వచ్చు. పిల్లలతో పనులు చేయించడం, జట్లుగా కూర్చోబెట్టడం, వాళ్లు చేసినవి గోడలకు తగిలించడం, చుట్టూ ఉన్న పరిసరాలనే పాఠానికి వాడుకోవడం... ఇవన్నీ అందులోవే. గోడకు చార్టు తగిలించడం తేలిక. పరిసరాల్లోకి పిల్లల్ని తీసుకెళ్లడమే కష్టం.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బడులదీ ఇదే బాట. ఒకే టీచరు, అన్ని తరగతుల పిల్లలూ ఒకే గదిలో. బొమ్మల గుర్తులున్న కార్డులతో ఎవరి మెట్టు వాళ్లు ఎక్కుతూ నేర్చుకోవాలి. ఆ బడుల్లో జరిగే 'మెట్రిక్ మేళా' మరీ సరదా. పిల్లలే దుకాణాలు పెడతారు, తూకాలు వేస్తారు, ఊరివాళ్ల ఎత్తూ బరువూ కొలుస్తారు. ఆ పూట గ్రాములూ మీటర్లూ పెద్దవాళ్లకు నేర్పేది పిల్లలే!

అదే పద్ధతిలో సంతబొమ్మాళి చుట్టుపక్కల ఓ తరగతి ఏడాదంతా ఏం చూడొచ్చు, ఏం చేయొచ్చు? నెలనెలా లెక్క వేస్తే ఖర్చు కన్నా ఓపికే ఎక్కువ కావాలని తెలుస్తుంది.

ఉభాల నుంచి గూళ్ల దాకా

బడి తెరిచిన కొద్ది వారాలకే పొలాల్లో ఉభాల సందడి మొదలవుతుంది. గట్టు మీద నిలబడి ఓ మూర పొడవు, మూర వెడల్పు జాగాలో ఎన్ని కుదుళ్లు నాటారో లెక్కపెడితే చాలు, ఎకరం లెక్క నల్లబల్ల మీద పిల్లలే వేస్తారు. కోతలప్పుడు మళ్లీ అదే చేనుకి వెళ్లి ఒక కుదురుకు ఎన్ని వెన్నులొచ్చాయో చూస్తే లెక్కల పాఠం సైన్సు పాఠమైపోతుంది.

సెప్టెంబరు వచ్చేసరికి టెక్కలి మండలం తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చేరుకుంటాయి. మార్చి దాకా అక్కడే మకాం. అవి వస్తే ఊరికి మంచిదని గ్రామస్థుల నమ్మకం, అందుకే ఎవరూ వాటి జోలికి పోరు. పిల్లలు చెట్టుకు దూరంగా కూర్చుని గూళ్లు లెక్కపెట్టి, గంటలో ఎన్నిసార్లు మేత తెచ్చాయో గీతలు గీసుకుంటే ఓ ప్రశ్న దానంతటదే పుడుతుంది. ఇంత చేప ఎక్కణ్నుంచి వస్తోంది? జవాబు నౌపడ, కాకరాపల్లి వైపు పరుచుకున్న బీలల్లో ఉంది.

2021 డిసెంబరు, 2022 జనవరిల్లో ఇక్కడ వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. చేపల ద్వారా కడుపులోకి చేరిన నులిపురుగులే కారణమని పరీక్షల్లో తేలింది. నీరు, చేప, పక్షి... ఆ గొలుసులో ఒక్క కడియం దెబ్బతింటే ఏమవుతుందో ఏ పుస్తకమూ ఇంతకన్నా బాగా చెప్పలేదు.

చెట్టు చెప్పే వయసు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఇవాళ ఐదో తరగతిలో ఉన్నవాళ్లు అప్పటికి పసిపిల్లలు. ఆ రాత్రి సంగతి తాతనీ నాయనమ్మనీ అడిగి రాసుకురావడమే అక్టోబరు పాఠం.

దాంతోపాటు ఓ పరిశోధన కూడా. కొబ్బరిచెట్టు ఏడాదికి సుమారు 12 మట్టలు వేస్తుంది. రాలిన ప్రతి మట్టా మాను మీద ఓ మచ్చ వదిలేస్తుంది. మచ్చలు లెక్కపెట్టి 12తో భాగించి, మాను కట్టకముందు గడిచిన నాలుగైదేళ్లు కలిపితే చెట్టు వయసు ఇంచుమించుగా తెలుస్తుంది. తుపానుకు నిలబడ్డ చెట్లెన్ని, ఆ తర్వాత నాటినవెన్ని? తోటలో తిరిగొచ్చిన పిల్లలు ఠకీమని చెప్పేస్తారు.

రైలు, ఉప్పు, తాబేలు

సంక్రాంతి దాటాక నౌపడ ప్రయాణం. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో మొదలైంది ఇక్కణ్నుంచే. 1931లో గుణుపురం దాకా వెళ్లింది. 2004లో ఆపి, పెద్ద లైనుగా మార్చి 2011లో మళ్లీ గుణుపురం చేర్చారు. పాత లైను పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు, ఇప్పటిది 1,676. తరగతి గచ్చు మీద సుద్దముక్కతో రెండూ గీసి, ఎన్ని అంగలు పడతాయో చూశాక రైలెక్కితే టిక్కెట్టు ధర, టైముపట్టిక, ఒడియా అక్షరాలు... అన్నీ పాఠాలే.

ఎండ ముదిరాక నౌపడ ఉప్పు మళ్లు. లీటరు సముద్రపు నీటిని వెడల్పు పళ్లెంలో ఎండబెడితే దాదాపు 35 గ్రాముల లవణాలు మిగులుతాయి. మరి కిలో ఉప్పు కావాలంటే ఎన్ని లీటర్లు? ముప్ఫై దాకా! మడిలో వంగి ఉప్పు లాగే మనిషి కష్టం అప్పుడు అంకెల్లో కనిపిస్తుంది. వర్షాకాలంలో తెచ్చిన ఉప్పుటేరు నీటికీ, వేసవిలో తెచ్చినదానికీ తేడా చూస్తే వానల్లో మళ్లు ఎందుకు ఆగిపోతాయో ఎవరూ చెప్పక్కర్లేదు.

అదే రోజుల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు తీరానికొచ్చి గుడ్లు పెడతాయి. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు. క్యాలెండరులో తేదీలు కొట్టేసుకుంటూ ఎదురుచూడటం కూడా ఒక చదువే.

ఆ నోటుపుస్తకం దాచండి

ఇదంతా సరదా కోసమేనా? కాదు. ఈ తీరం మారిపోతోంది. కాకరాపల్లి బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దంటూ సాగిన ఉద్యమంలో 2011 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 2023 ఏప్రిల్ 19న ఇదే మండలంలోని మూలపేటలో ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. ఏది రావాలి, ఏది ఉండాలన్నది రేపు ఈ పిల్లలే తేల్చుకోవాలి. బీలలో ఏముందో ఎన్నడూ చూడనివాడికి అది ఉత్త బురదనేల. పక్షుల్నీ చేపల్నీ లెక్కపెట్టినవాడి సంగతి వేరు. వాడు ఎటువైపు మాట్లాడినా దగ్గర లెక్క ఉంటుంది.

అందుకే ఏడాది చివర్లో ఆ నోటుపుస్తకాల్ని పాతపేపర్లవాడికి వేయకూడదు. బడి బీరువాలో దాచాలి. వచ్చే జూన్‌లో కొత్త తరగతి వాటిని తెరుస్తుంది. నిరుడు ఎన్ని గూళ్లు, ఈసారి ఎన్ని? పదేళ్లు అలా సాగితే ఆ బీరువాలో ఊరి చరిత్రే ఉంటుంది... పిల్లల చేతిరాతలో.

టీచరు ఒక్కరే ఉన్న బళ్లో పాతికమంది పిల్లల్ని నీళ్ల దరికి తీసుకెళ్లడం చిన్న మాట కాదు. తోడుగా ఇద్దరు తల్లులు వస్తే చాలా బరువు తగ్గుతుంది. బడి వల్ల కాని చోట అమ్మానాన్నలున్నారు. ఈ ఆదివారమే పిల్లాడి చేతికి పెన్సిలిచ్చి గట్టు మీదికి తీసుకెళ్లండి. వాడు అడిగేదానికి జవాబు తెలియకపోయినా ఫర్వాలేదు. ఇద్దరూ కలిసి లెక్కపెట్టొచ్చు!