మీకు తెలుసా? అంట్లు తోముతుంటే ఆందోళన తగ్గిందట!

అమెరికాలోని ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 51 మంది విద్యార్థులతో గిన్నెలు కడిగించారు. మొదలుపెట్టే ముందు కొందరికి గిన్నెలు శుభ్రంగా ఎలా కడగాలో చెప్పే మామూలు సూచనలు ఇచ్చి చదవమన్నారు. మిగతావాళ్లకు, కడుగుతున్నంతసేపూ ధ్యాస ఆ పని మీదే ఎలా ఉంచాలో చెప్పే చిన్న పాఠం ఇచ్చారు. సబ్బు వాసన, నీళ్ల వెచ్చదనం, చేతికి తగిలే గిన్నె స్పర్శ గమనిస్తూ కడగాలన్నమాట. పనయ్యాక అడిగితే ఈ రెండో జట్టులో ఆందోళన 27 శాతం తగ్గింది, ఉత్సాహం 25 శాతం పెరిగింది. మొదటి జట్టులో అలాంటి మార్పు కనిపించలేదు. 2015లో వెలువడిన ఈ అధ్యయనం చిన్నదే. అదీ విద్యార్థులు తమకెలా అనిపించిందో చెప్పినదాని మీద ఆధారపడినదే. అయినా నాకిది చాలా విలువైనదనిపిస్తుంది. రెండు జట్లూ చేసిన పని ఒకటే, ధ్యాస పెట్టిన తీరే వేరు.

ఇలా ధ్యాస పెట్టి గిన్నెలు కడగడాన్ని సాధనగా చెప్పిన మాట వెనక ఒక యుద్ధం ఉంది. వియత్నాం బౌద్ధ భిక్షువు థిచ్ నాట్ హాన్ 1970లలో స్వదేశానికి దూరంగా ఫ్రాన్స్‌లో ఉండేవారు. వియత్నాంలో బాంబుల మధ్య పల్లెల్లో సేవ చేస్తున్న యువకులు కుంగిపోకూడదని ఫ్రాన్స్ నుంచే ఒక పెద్ద ఉత్తరం రాశారు. అదే తర్వాత ‘ది మిరాకిల్ ఆఫ్ మైండ్‌ఫుల్‌నెస్’ పుస్తకమైంది. ప్రాణాలకే భరోసా లేనివాళ్లకు ఆయన చెప్పిన వాటిలో గిన్నెలు కడగడం కూడా ఉంది!

ఇవాళ రాత్రి అడుగంటిన పాలగిన్నె ఒకటి తీసుకుని చూడండి. పీచుతో రుద్దుతుంటే మొదట గరగరలాడుతుంది. మాడు ఊడేకొద్దీ ఆ చప్పుడు పలచబడి, వేళ్ల కింద నునుపు తెలుస్తుంది. ఈలోగా మనసు కరెంటు బిల్లు దగ్గరికో, పొద్దున ఎవరో అన్న మాట దగ్గరికో వెళ్లిపోతుంది. వెళ్లిందని తెలియగానే విసుక్కోకుండా మళ్లీ గిన్నె మీదికి తెచ్చుకోండి. చాలామంది ఇక్కడే ‘నాకు కుదరదులే’ అని వదిలేస్తారు. అలా పదే పదే వెనక్కి రావడమే ఇందులో అసలు సాధన. తడిచేతులతో ఫోన్ ఎలాగూ పట్టుకోలేం, ఇయర్‌ఫోన్లు కూడా పక్కన పెడితే చాలు.

ఒక్క మాట. రోజంతా చాకిరీ చేసి అలసిన ఇల్లాలికి ‘ధ్యాస పెట్టి తోము’ అని సలహా ఇవ్వడం అన్యాయం. ఆ సింకు దగ్గర ఎప్పుడూ నిలబడనివాళ్లే ముందు మొదలుపెట్టాలి.

చేసే పని మీద ఇలా ధ్యాస నిలిపే సాధన ఆసుపత్రుల దాకా వెళ్లింది. జాన్ కబాట్-జిన్ అనే పరిశోధకుడు 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కళాశాలలో, మానని నొప్పులతో బాధపడేవాళ్ల కోసం దీన్ని ఒక శిక్షణగా మలిచారు. దాని ఆధారంగా రూపొందిన చికిత్సను, డిప్రెషన్ తిరగబెట్టకుండా ఉండేందుకు బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు సిఫారసు చేస్తున్నాయి. అయితే డాక్టరు రాసిన మందులు వాడుతున్నవాళ్లు దీన్ని నమ్ముకుని వాటిని మానేయకూడదు.