జొన్న కేకు ఎందుకు రాలిపోతుంది?

శంషాబాద్‌లో అమ్మతో కలిసి జొన్నపిండి కేకు చేశారనుకోండి. కత్తి పెట్టగానే పొడిపొడిగా రాలిందా? జొన్నపిండి తీరే అంత.

గోధుమపిండిని తడిపి పిసికితే అందులోని ప్రొటీన్లు సాగే వలలా అల్లుకుంటాయి. దాన్నే గ్లూటెన్ అంటారు. గిన్నెలో పెరుగు, వంటసోడా కలవగానే బుసబుసమంటూ బుడగలు లేస్తాయి, చూడండి. అది కార్బన్ డయాక్సైడ్. గ్లూటెన్ ఆ బుడగల్ని పట్టి ఉంచితే కేకు పొంగుతుంది. జొన్నలో గ్లూటెన్ లేదు మరి!

జొన్నరొట్టెలు కొట్టేవాళ్ల దగ్గర దీనికో ఉపాయం ఉంది. పిండిలో మరిగే నీళ్లు పోసి కలుపుతారు. వేడికి పిండిపదార్థం ఉబ్బి జిగురెక్కుతుంది, రొట్టె విరిగిపోదు. కేకులో ఆ పని గుడ్డు చేస్తుంది. మెదిపిన అరటిపండు కూడా కొంత సాయపడుతుంది. బాగా మాగిన పండయితే చక్కెర తగ్గించవచ్చు. మెదపడం మీ పని, పొయ్యి పెద్దవాళ్లది.

శంషాబాద్‌కు దగ్గర్లోనే, రాజేంద్రనగర్‌లో, భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది. జొన్నతో బిస్కెట్లు, అటుకులు, పాస్తా చేసే పద్ధతులు అక్కడ రూపొందించారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది కూడా. ఇక మీ జొన్న కేకు సంగతికి వస్తే, మొదటిసారి మాత్రం సగం గోధుమపిండి కలపండి, కేకు రాలిపోకుండా ముక్కలుగా తెగుతుంది.