సోరియాసిస్ వ్యాధి – నూతన చికిత్స

గత సంవత్సరము మన పాఠశాలలో ఒక బాలుని మోచేతులపై వెండిరంగు పొలుసులను జూచి, వానిని వేరుగా కూర్చుండబెట్టుడని కొందరు తల్లిదండ్రులు నన్ను కోరిరి. ఆ బాలుడు ఎండకాలమున గూడ పొడుగుచేతుల చొక్కాతో వచ్చుచుండెను. ఆ భయము నిరాధారమని తెలుపుటకే ఈ వ్యాసము.

ఈ వ్యాధి పేరు సోరియాసిస్. ఇది కుష్ఠు కాదు. అంటువ్యాధి అంతకన్న కాదు. కలిసి భుజించినను, ఒకే బల్లపై కూర్చున్నను సోకదు. 2014లో ప్రపంచ ఆరోగ్య మహాసభ కూడ దీనిని అంటని వ్యాధిగానే పేర్కొన్నది. దేహమును కాపాడవలసిన రోగనిరోధకశక్తి దారి తప్పుటయే దీనికి మూలము. చర్మకణములు పుట్టి రాలుటకు సాధారణముగా ఒక నెల పట్టును. ఈ వ్యాధిలో కొద్ది దినములలోనే పైకి చేరి పొలుసులుగా పేరుకొనును.

పూతమందులు, అతినీలలోహిత కిరణములు, మెథోట్రెక్సేట్ మాత్రలు చిరకాలముగా వాడుకలో నున్నవి. వీనితో లొంగని తీవ్రవ్యాధికి బయోలాజిక్ మందులు వచ్చినవి. ఇవి జీవకణముల ద్వారా తయారగు ప్రోటీనులు. మ్రింగినచో జీర్ణమైపోవును గనుక సూదిమందుగా ఇత్తురు. అకాలమున ఎవరో గంట కొట్టగా బడి యంతయు గందరగోళమైనచో, బడిని మూయము. గంట కొట్టు చేతిని పట్టుకొందుము. ఈ మందులును అట్లే, వాపును పుట్టించు ఇంటర్‌లూకిన్ వంటి సందేశవాహకములను ఎంచి అడ్డగించును.

ఫలితము లెట్టివి? 2014లో ప్రకటింపబడిన ఒక పరీక్షలో సెకుకినుమాబ్ పూర్తి మోతాదు పొందినవారిలో 12 వారములకు నూటికి సుమారు 82 మందికి వ్యాధి కనీసము ముప్పాతిక వంతు తగ్గెను. మందులేని సూది పొందినవారిలో అట్టివారు నూటికి 5గురి కంటె తక్కువ. 2018లో ప్రకటింపబడిన మరియొక పరీక్షలో రిసాంకిజుమాబ్ వలన 16 వారములకు నూటికి 75 మందికి వ్యాధి తొమ్మిది పాళ్లు తగ్గి, ఒక పాలు మాత్రమే మిగిలెను. మన బెంగుళూరులోని బయోకాన్ సంస్థయు 2013లో ఇటోలిజుమాబ్ అను మందును ఈ వ్యాధికై విడుదల చేసెను.

అయినను ఇవి వ్యాధిని అణచునే గాని సమూలముగా తొలగింపవు. మానినచో సాధారణముగా తిరిగి వచ్చును. వెల అధికము. క్షయ దాగియున్నదేమో ముందుగా పరీక్షింపవలెను. ఇతర అంటురోగముల విషయమునను జాగ్రత్త అవసరము. కావున చర్మవైద్యుని సలహా లేక వాడరాదు, మానరాదు.

తల్లిదండ్రులారా! ఆ బాలుని నేను వేరుగా కూర్చుండబెట్టలేదు. వాని ప్రక్కన కూర్చుండి ఆడుకొనవచ్చునని మీ పిల్లలకు మీరే చెప్పుడని నా మనవి.