పిడికెడు బియ్యము – క్రిస్మసు విందు

ధనమున్నవాడే దానము చేయగలడని లోకమున నొక యపోహ కలదు. మహాభారతమున నశ్వమేధపర్వమును చదివినవారికి ఈ యపోహ నిలువదు. ఆకలితో నుండియు తమ పాలి పేలపిండిని అతిథి కర్పించిన సక్తుప్రస్థుని కుటుంబపు దానమునకు ధర్మరాజుయొక్క మహాయజ్ఞము సాటిరాదని ముంగిస యొకటి యజ్ఞశాలలోనే పలికినది. రెండు చిన్న కాసులు కానుకగా వేసిన పేద విధవరాలి కథ క్రైస్తవ సువార్తలలోను కలదు. గ్రంథములలోని యీ ధర్మము నిత్యాచారముగా నడచుచున్న తావొకటి మన దేశమునందే యున్నది. అది మిజోరాము.

ఆ కొండలకు మిషనరీలు 1894లో వచ్చిరి. 2011 జనాభా లెక్కలనాటికి అచట నూటికి 87 మంది క్రైస్తవులు. 1910 ప్రాంతమున అచటి సంఘములో నొక యేర్పాటు మొదలైనది. ఇల్లాలు పూటపూటకు ఎసటిలో బియ్యము పోయుటకు ముందే ఒక పిడికెడు తీసి వేరొక పాత్రలో నుంచును. సంఘస్త్రీలు ఇల్లిల్లు తిరిగి దానిని ప్రోగుచేయుదురు. అమ్మగా వచ్చిన ధనము సంఘకార్యములకు వినియోగమగును. దీనిని వారు ‘బుహ్‌ఫాయి థామ్’ అందురు. పిడికెడు బియ్యమని యర్థము. పిడికెడు పిడికెడుగా చేరినది నేడు కోట్ల రూపాయల నిధియైనది.

ఇది మిగులు గలవారి దేశము కాదు. సుమారు 48 సంవత్సరముల కొకమారు ఆ కొండలలో వెదురు పూచును, ఎలుకలు తామరతంపరగా పెరిగి పైరులను తినివేయును, క్షామము వచ్చును. దీనికి ‘మౌతామ్’ అని పేరు. 1911-12లో అట్టి క్షామము వచ్చినది. 1959లో మరల వచ్చినది. 2007 ప్రాంతమున వెదురు తిరిగి పూచినది. పిడికెడు తీసియుంచు నాచారము మాత్రము నేటికిని నిలిచియున్నది. కలిగినప్పుడే యిచ్చు దానమైనచో అది మొదటి కరవులోనే అంతరించియుండెడిది.

ఇట్టివారి క్రిస్మసు ఎట్టిదో చూడుడు. పూర్వము ఆ కొండలలో ఊరంతటికి విందుచేయుట ధనికునికే చెల్లినది. ‘ఖువాంగ్‌చొయి’ యను విందు చేసిన గృహస్థును మంచెపై నెక్కించి మోయుచుండిరి. అతడు పైనుండి వస్తువులను జనులపై వెదజల్లుచుండెను. అట్టి విందులు నెరపినవాడు మరణానంతరము పియాల్‌రాల్ అను లోకమున, దంపు శ్రమ లేకయే బియ్యము భుజించునని వారు నమ్మిరి. నేటి క్రిస్మసు సహపంక్తి భోజనమునకు ‘రువాయి’ అని పేరు. అందు దాత యని వేరుగా నెవ్వడును లేడు. సంఘమువారు తలాకొంత భరింతురు. యువకులు పెద్దపాత్రలలో వండుదురు. ఊరివారందరును కలిసి భుజింతురు. తన సౌఖ్యమును వెనుకనుంచి పరులకు తోడ్పడుటను మిజోలు ‘త్లోమ్‌ఙైహ్న’ అందురు. ఈ ప్రాతధర్మమే క్రొత్తపండుగలోనికి వచ్చినది.

మంచెమీది దాత పంక్తిలోనికి దిగినాడు. మా దృష్టిలో గొప్పమార్పు ఇదియే. ఏడాది పొడవున తన పిడికెడు తీసియుంచిన పేదరాలు ఆ పంక్తిలో కూర్చుండునప్పుడు ఎవరియెదుటను తల వంపనక్కరలేదు. ఆమెయు ఇచ్చినదే గదా! ఆ పండుగ సంతోషమునకు మూలమిదియే.

మనకును ఇది క్రొత్త మాట కాదు. క్రిస్మసు వచ్చు ధనుర్మాసమునందే హరిదాసు పాత్రలో పిడికెడు బియ్యము పోయు ఇండ్లు మనయందు నున్నవి. అయినను, పంక్తులు లేచినపిమ్మట పెరటివాకిట నిలిచినవారికి మిగిలినది పెట్టి, దానినే దానమనుకొను శ్రీమంతులును లేకపోలేదు. వండకముందు తీసియుంచినది భాగము. తినినపిమ్మట పెట్టినది శేషము. భాగము నందుకొనువాడు మన బంధువగును. శేషము నందుకొనువాడు యాచకుడుగనే మిగులును. ఏ మతపు పండుగయైనను, ముందుగా ఆ పిడికెడు తీయుడని మా మనవి.