తడి చెత్త – పొడి చెత్త

పూర్వం తెలంగాణ పల్లెల్లో ఇంటింటికీ ఒక పెంటకుప్ప ఉండేది. వాకిలి ఊడ్చిన చెత్త, పశువుల పేడ, పొయ్యిలోని బూడిద, తిన్న విస్తరాకులు అన్నీ అక్కడికే చేరేవి. వానలు పడకముందే రైతులు ఆ ఎరువును బండ్లమీద పొలాలకు తోలుకొనేవారు. మట్టినుండి వచ్చింది తిరిగి మట్టికే చేరేది. అంగడికి వెళ్ళేవారి చేతిలో గుడ్డసంచి, విందులో మోదుగాకు విస్తరి ఉండేవి. ఆనాటి జీవనంలో పారవేయవలసిన వస్తువులు చాలా తక్కువ.

ప్లాస్టిక్ రాకతో ఈ చక్రం తెగిపోయింది. తేలికగా ఉండడం, చవకగా దొరకడం, కుళ్ళకపోవడం అనే గుణాలవల్లనే ప్లాస్టిక్ ఇంటింటికీ చేరింది. వాడి పారవేసిన తరువాత ఆ గుణాలే దోషాలయ్యాయి. గాలికి ఎగిరిన సంచులు మురుగుకాలువలకు అడ్డుపడతాయి, చెరువుల్లో చేరతాయి. కాల్చితే విషవాయువులు వెలువడతాయి. నేలలో మిగిలితే కాలక్రమంలో కంటికి కనిపించని సూక్ష్మకణాలుగా విడిపోతాయే తప్ప మట్టిలో కలిసిపోవు.

మూగజీవాల కష్టం మరింత దారుణమైనది. మిగిలిన అన్నాన్ని ప్లాస్టిక్ సంచిలో ముడివేసి వీధిలో పడవేస్తే, పశువు ఆ సంచితో సహా మింగుతుంది. అది అరగదు, బయటికి రాదు. పొట్టలో పేరుకొని ఆకలిని చంపి, చివరికి పశువు ప్రాణాన్నే తీస్తుంది. పుట్టపర్తికి చెందిన కరుణ సొసైటీ అనే సంస్థ ఈ విషయాన్ని 2012లో సుప్రీంకోర్టు దృష్టికి తెచ్చింది. ప్లాస్టిక్ సంచులు రాబోయే తరానికి అణుబాంబును మించిన ముప్పు కాగలవని న్యాయస్థానం ఆ సందర్భంలో హెచ్చరించింది.

మందం వెనుక ఉన్న మర్మం

పర్యావరణ పరిరక్షణ చట్టం 1986లో వచ్చింది. దాని కింద ప్లాస్టిక్ సంచుల మందంపై కేంద్ర ప్రభుత్వం పరిమితులు విధించింది. మిల్లీమీటరులో వెయ్యోవంతును మైక్రాన్ అంటారు. సంచి మందం కనీసం 20 మైక్రాన్లు ఉండాలని 1999 నాటి నిబంధనలు చెప్పాయి. ఈ పరిమితి 2011లో 40 మైక్రాన్లకు, 2016లో 50 మైక్రాన్లకు, 2021 సెప్టెంబరు 30 నుండి 75 మైక్రాన్లకు, 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్లకు పెరిగింది.

ప్లాస్టిక్ వాడకం తగ్గాలంటే సంచిని పలుచన చేయాలి గాని మందం పెంచడమేమిటని సందేహం కలగవచ్చు. కాగితాలు, సీసాలు ఏరుకొని బతికేవారు పలుచని సంచులను ముట్టరు. ఎన్ని ఏరినా కిలో తూగవు, తూగినా కొనేవారుండరు. మందమైన సంచికి పాతసామాను దుకాణంలో కొంత ధర పలుకుతుంది. కనుక అది తిరిగి కర్మాగారానికి చేరే అవకాశముంది. పైగా మందం పెరిగితే సంచి వెల పెరుగుతుంది. దుకాణదారు దానిని ఉచితంగా ఇవ్వడానికి వెనుకాడతాడు. విలువ లేని వస్తువే వీధిపాలవుతుందన్న అనుభవం ఈ నిబంధనకు మూలం.

ఒక్కసారి వాడి పారవేసే వస్తువుల్లో కొన్నింటిని ప్రభుత్వం పూర్తిగా నిషేధించింది. ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మోకోల్ వంటివి 2022 జూలై 1 నుండి ఈ నిషేధం కిందికి వచ్చాయి. ప్లాస్టిక్ ప్యాకెట్లలో సరకులు అమ్మే సంస్థలే ఆ వ్యర్థాల సేకరణకు బాధ్యత వహించాలన్న సూత్రం కూడా నిబంధనల్లో చేరింది.

గడప దగ్గర పని

వస్తువుల తయారీని కర్మాగారంలో అదుపుచేయవచ్చు. వాడిన తరువాత వాటిని ఏం చేయాలన్నది మరొక ప్రశ్న. నగరాల చెత్త దుస్థితిపై అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టును ఆశ్రయించారు. ఆ వ్యాజ్యం ఫలితంగా పట్టణ ఘనవ్యర్థాల నిర్వహణకు 2000లో తొలిసారి నిబంధనలు వచ్చాయి. 2016 నాటి నిబంధనలు చెత్తను తడి, పొడి, ప్రమాదకరమైన గృహవ్యర్థాలు అని మూడు విధాలుగా ఇంట్లోనే వేరుచేయాలని నిర్దేశించాయి.

ఈ దిశలో వరంగల్ నగరం ముందే ఒక ప్రయత్నం చేసింది. 2012 అక్టోబరులో అక్కడ ‘క్లీన్ సిటీ ఛాంపియన్‌షిప్’ పేరుతో పోటీ జరిగింది. ఇతర పురపాలక సంఘాల ఉద్యోగులు బృందాలుగా వచ్చి, ఇంటింటికీ తిరిగి, తడి చెత్తను, పొడి చెత్తను వేరుగా ఇవ్వడం ప్రజలకు అలవాటు చేశారు. అప్పటి వరంగల్ జిల్లాలోదే పరకాల. 2021 నుండి అది హనుమకొండ జిల్లాలో ఉంది. పరకాల శాసనసభ నియోజకవర్గంలోని గంగదేవిపల్లి, గ్రామపనులను ప్రజాకమిటీలకు అప్పగించి ఆదర్శగ్రామంగా పేరు పొందింది. 2007లో నిర్మల గ్రామ పురస్కారాన్ని అందుకొంది. తెలంగాణ ప్రభుత్వం 2019లో పల్లె ప్రగతిని, 2020లో పట్టణ ప్రగతిని ప్రారంభించింది. పల్లె ప్రగతి కింద చెత్త సేకరణకు గ్రామపంచాయతీలకు ట్రాక్టర్లు సమకూరాయి.

పరకాల ప్రాంతం పత్తిపంటకు పేరుపడినది. పత్తిచేలలో ఖాళీ అయిన పురుగుమందు డబ్బాలు మూడవ రకమైన చెత్త. వాటిని బావిగట్టున పారవేసినా, కడిగి నీళ్ళకు వాడుకొన్నా ప్రాణాపాయమే. తడి చెత్తతో అవి కలిస్తే తయారయ్యే ఎరువూ విషమవుతుంది.

అసలు కీలకం ఈ కలయికలోనే ఉంది. కూరగాయల తొక్కలు విడిగా ఉంటే ఎరువు. ప్లాస్టిక్ విడిగా ఉంటే ముడిసరకు. రెండూ కలిస్తే ఎందుకూ పనికిరాని చెత్త. కలిపిన చెత్తను విడదీయడానికి పారిశుద్ధ్య కార్మికులు గాజుముక్కలు, సూదులున్న కుప్పలో చేతులు పెట్టవలసివస్తుంది. ఇంట్లో ఒక్క నిమిషంలో అయ్యే పనిని నిర్లక్ష్యం చేస్తే, దాని మూల్యం ఆ చేతులు చెల్లిస్తాయి.

చట్టం సంచి మందాన్ని నిర్ణయించగలదు. తప్పుచేసినవారికి జరిమానా విధించగలదు. ఏ చెత్త ఏ బుట్టలో పడాలో మాత్రం ప్రతి ఇంటివారూ ప్రతిరోజూ నిర్ణయించుకోవలసిందే. ఒక చేత గుడ్డసంచి పట్టుకొని, ఇంట రెండు బుట్టలు పెట్టుకొన్ననాడే ప్రభుత్వ విధానం కాగితం దాటి ఊరికి చేరుతుంది.