గండికోట లోయ అంచున నడక

కడప జిల్లాలో, జమ్మలమడుగునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున గండికోట కలదు. అచ్చట పెన్నానది ఎఱ్ఱమల కొండలను కోసికొనుచు పారును. ఆ గండి యొడ్డున వెలసిన దుర్గమగుటచే దీనికి గండికోట యను పేరు వచ్చినది. కోటవాకిలి దాటి, మసీదును, పాత ధాన్యాగారమును చూచుచు ముందునకు సాగినచో నేల ఒక్కసారిగా తెగిపోవును. దాదాపు 300 అడుగుల క్రింద నది కనబడును. లోయ గోడలు ఎఱ్ఱని రాతిపలకలను పేర్చినట్లుండును.

ఈ నడక దీర్ఘమైనది కాదు. కాని దేహమునకు మిక్కిలి మేలు చేయును. వయోజనులు వారమునకు కనీసము 150 నిమిషములు మోస్తరు శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. వేగముగా నడచుట అట్టి శ్రమయే. దానివలన గుండె బలపడును. రక్తపు పోటు, మధుమేహము అదుపునందుండుటకు తోడ్పడును.

అయితే వేళ యెరుగక నడచినచో మేలు కీడగును. వేసవిలో ఈ సీమయందు ఎండ 40 డిగ్రీలు దాటును. కాలిన బండలు క్రిందినుండియు వేడిని చిమ్మును. ఒక కుటుంబము మధ్యాహ్నము బయలుదేరినదనుకొందము. వెనుకబడిన పెద్దాయనను చూచి కోడలు, "మామగారూ, కొంచెము నీడన కూర్చుందురా?" అని అడుగును. "నాకేమమ్మా, పదండి" అని ఆయన అనును. పిల్లల వేడుక చెడునని అలసటను దాచుటయే ఇచ్చట అపాయము.

తలనొప్పి, వాంతి, కండరములు పట్టుట, కన్నులు తిరుగుట మొదలైనచో నడక ఆపి నీడకు చేరవలెను. మెల్లమెల్లగా నీరు త్రాగించవలెను. లీటరు మంచినీటిలో ఒక ఓ.ఆర్.ఎస్. పొట్లమును కలిపి ఇచ్చుట మేలు. మాట తడబడినను, స్పృహ తప్పినను అది వడదెబ్బ, ప్రాణాపాయము. వెంటనే 108కి ఫోను చేయవలెను. బట్టలు వదులుచేసి, ఒంటిని తడిపి, విసరుచుండవలెను. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు.

కావున తెల్లవారగనే బయలుదేరుట ఉత్తమము. తలకు తువాలు, కాళ్లకు పట్టుగల చెప్పులు, చేతిలో నీళ్లసీసా ఉండవలెను. గుండెజబ్బు గలవారు ముందుగా వైద్యుని సలహా పొందవలెను.

అంచునకు పలు అడుగుల దూరముననే నిలువవలెను. వాన కురిసిన బండ జారును, విడిరాయి కదలును. ఫోటోకొరకు వెనుకకు అడుగు వేయరాదు. పిల్లల చేయి విడువరాదు.

ఎవరైన అలసినచో అందరును కలసి వెనుదిరుగుటయే మర్యాద. లోయ ఎక్కడికిని పోదు. క్షేమముగా ఇల్లు చేరినవారు దానిని మరల చూడవచ్చును.